చింతగింజల వరద

మార్కాపురంలో వరదల మీద ఉద్యోగం చేశానంటే ఇప్పటికీ నవ్వుతారు. నవ్వడంలో తప్పు లేదు. ట్యాంకరు హారను వినబడితే బిందెలతో పరుగెత్తే వీధుల్లో నేను 'వరద శిక్షణ' అని బ్యానరు పట్టుకొని తిరిగాను. పొదిలి బస్టాండులో టీ కొట్టు ఆయన ఒకసారి ఆ బ్యానరు చదివి, "అక్కా, ఆ వరద ఎప్పుడొచ్చేది ముందే చెప్పు, డ్రమ్ములు కడిగి పెట్టుకుంటాం" అన్నాడు. బస్సు వచ్చేదాకా అక్కడున్నవాళ్ళంతా ఆ మాటకు తలా ఒకటి కలిపారు. నేనూ నవ్వాను. మాది పొదిలే, వాళ్ళ బాధ నాకు తెలుసు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ఆటలు ఎట్లా ఆడించాలి, ఏం రాసుకోవాలి, పైవాళ్ళు నవ్వితే ఏం చెప్పాలి అని అడుగుతారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, ఫైళ్ళ గొడవ అందరి ఉద్యోగాల్లోనూ ఒకటే కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. ఒక ఊరు, ఒక చెరువు, నాకు పని నేర్పిన కొద్దిమంది మనుషుల గురించి మాత్రం చెబుతాను. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు చదివితే ఎటూ గుర్తుపడతారు.

ఆట ఎందుకంటే

నేను రెవెన్యూ మనిషిని. గిద్దలూరులోనూ మార్కాపురంలోనూ కుర్చీలు అరగదీసిన దాన్ని. రాష్ట్రం విడిపోయి, కొత్త రాష్ట్రం ఇంకా నిలదొక్కుకుంటున్న తొలి రోజులవి. సగం ఫైళ్ళు హైదరాబాదులో, సగం దారిలో. ఏ ఆఫీసు ఎక్కడికి మారుతుందో ఆఫీసర్లకే తెలియదు. ఆ గందరగోళంలో విపత్తుల శిక్షణకని ఒక చిన్న విభాగం పెట్టి నన్ను అందులో పడేశారు. పనిష్మెంటు పోస్టింగని తోటివాళ్ళు జాలిపడ్డారు. నిజానికి నా సర్వీసులో నాకు దక్కిన అదృష్టం అదే. మమ్మల్ని పట్టించుకునే తీరిక పైన ఎవరికీ లేదు కాబట్టి మా పని మాకు తోచినట్టు చేసుకోగలిగాం.

మా పై అధికారి జోసెఫ్ సార్‌ది రేపల్లె వైపు. తుపాన్ల మధ్య పెరిగిన మనిషి. ముక్కు మీద కోపం, అది దిగగానే పక్కవాడికి టీ తెప్పించే గుణం. వరదొచ్చినప్పుడు మనుషులు ఎట్లా నిర్ణయాలు తీసుకుంటారో కనుక్కోవడం మా పని. వరద మధ్యలో నిలబడి "మీరు ఈ పని ఎందుకు చేశారు" అని అడిగితే తంతారు. వరద పోయాక అడిగితే అబద్ధం చెబుతారు. కావాలని కాదు, జరిగిన దాన్ని మనసు తనకు అనువుగా సర్దేసుకుంటుంది. అందుకని ముందే ఒక ఉత్తుత్తి వరద తెప్పించి, అందులో మనుషుల్ని కూర్చోబెట్టి చూడాలి. అదే మా ఆట.

నేల మీద పెద్ద గుడ్డ పరిచేవాళ్ళం. దాని మీద ఒక చెరువు, కట్ట, అలుగు, ఊరు, కట్ట కింద కాలనీ, బడి, రోడ్డు అన్నీ బోర్డులు రాసే పెయింటరు చేత వేయించాం. చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు కట్టను తోయకుండా పక్క వాగులోకి పొర్లిపోవడానికి కట్టిన రాతి గోడను అలుగంటారు. మా ఆటలో నీళ్ళకు బదులు చింతగింజలు. ఆడేవాళ్ళలో ఒకరు తహసీల్దారు, ఒకరు సర్పంచి, ఒకరు ఎస్సై, మిగిలినవాళ్ళు రైతులూ కాలనీవాళ్ళూ. ప్రతి వంతుకూ నేను డబ్బాలోంచి గింజలు చెరువులో పోస్తాను. అది కురిసిన వాన. చాటింపు వేయిస్తారో, జనాన్ని బడికి తరలిస్తారో, ఇంకొంచెం చూద్దామంటారో వాళ్ళు చెప్పాలి. గింజలు కట్ట గీత దాటితే చెరువు తెగినట్టు లెక్క.

ఎవరు గెలిచారన్నది మాకు అక్కర్లేదు. మొదటిరోజే జోసెఫ్ సార్ నాకు చెప్పారు: "ఏం చేశారో ఎవరైనా రాస్తారమ్మా. ఏం చూశాక చేశారో రాయండి. ఏం చూసి కూడా చేయలేదో అది ఇంకా బాగా రాయండి." ఇప్పటికీ కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఇంతే.

గింజలకు మొక్కిన ఊరు

ఆ ఊరి పంచాయతీ ఆఫీసులో తొలిసారి గుడ్డ పరిచినప్పుడు ఆటలోకి ముగ్గురు ముఖ్యులు వచ్చి కూర్చున్నారు. ఒకరు సర్పంచి కొండారెడ్డి. యాభై దాటిన రైతు, నెమ్మదస్తుడు, ఏ మాటైనా నమిలి నమిలి చెబుతాడు. రెండో ఆయన గురవారెడ్డి. కొండారెడ్డి భార్యకు స్వయానా చిన్నాయన. ఆయకట్టు చివరన ఆయన పొలం. చెరువు నీళ్ళు అందరికీ పారాకే ఆయన మడికి చేరాలి, అందుకే ఆయనకు నీళ్ళంటే ప్రాణం. మూడో మనిషి రమణమ్మ, అంగన్‌వాడీ టీచరు. కట్ట కింద కాలనీలో ఉంటుంది. మొగుడు పోయినా మంచం పట్టిన అత్తను చూసుకుంటూ, ఒక్కో గది కూడబెట్టి ఇల్లు కట్టుకుంది. ఆ ఇంటి వెనక గోడకూ చెరువు కట్టకూ మధ్య ఒక ఎద్దుల బండి తిరిగేంత చోటు ఉంటుందంతే.

సముద్రం వైపు ఊళ్ళలో ఇదే ఆట ఆడించినప్పుడు మొదటి గుప్పెడు పోయగానే మనుషుల మొహాలు మారిపోయేవి. ఇక్కడ నేను మొదటి గుప్పెడు పోయగానే గురవారెడ్డి రెండు గింజలు తీసి కళ్ళకద్దుకున్నాడు. వెనక నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"పోయమ్మా, ఇంకా పోయ్! పిసినారి మాదిరి పోస్తన్నావేంది" అన్నాడాయన.

జోసెఫ్ సార్‌కు ఒళ్ళు మండింది. "ఏంటండీ ఇది? వరద వస్తుంటే పెళ్ళిలా కూర్చున్నారు!"

"సార్, మీ దిక్కు నీళ్ళొస్తే పరిగెత్తుతారేమో. మా దిక్కు నీళ్ళకు ఎదురుపోతాం" అన్నాడు గురవారెడ్డి.

ఆయన అన్నది నిజం. ఆ చెరువు నిండి అప్పటికి చాలా ఏళ్ళయింది. నిండినప్పుడు ఊరూ కాలనీ అంతా పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు పట్టుకొని కట్టెక్కుతారు. గంగమ్మ గడపలోకి వచ్చిన పూట ఇల్లు వదిలి పోతే అరిష్టమని అక్కడి నమ్మకం. అలుగు పారేదాకా పక్క ఊళ్ళో పెళ్ళికి కూడా పోరు. ఇక మా ఆటలో 'జనాన్ని తరలించు' అనే మాట ఎవరు ముట్టుకుంటారు? ఎవరూ ముట్టుకోలేదు. చెరువు తెగి గుడ్డ నిండా గింజలు పడ్డాయి.

తిరుగు దారిలో జీపు మార్కాపురం దగ్గరికి వచ్చాక సార్ అన్నారు: "అమ్మా, ఇది వరదంటే భయపడేవాళ్ళ కోసం చేసిన ఆట. వీళ్ళు వరద కోసం ఎదురుచూస్తున్నారు. మొత్తం మార్చాలి." అంత కోపిష్టి మనిషి అంత తొందరగా తన ఆట తప్పని ఒప్పుకోవడం చూసి నాకు ఆయన మీద గౌరవం పుట్టింది. అట్లాంటి పై అధికారి దొరకడం మన చేతుల్లో ఉండదు. నాకు దొరికారు.

బస్తాలు

రెండోసారి పోయినప్పుడు గింజలు అలుగు గీతదాకా వచ్చాయి. గురవారెడ్డి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండమ్మా. అలుగు మీద బస్తాలు ఎయ్యకుండా ఆటేంది?"

చెరువు నిండే అదను చూసి ఆయకట్టు రైతులు తలా ఒక బస్తాలో ఇసుక నింపి అలుగు మీద వరసగా పేరుస్తారు. దాంతో చెరువులో మరో అడుగు నీళ్ళు ఆగుతాయి. ఇంజనీర్లు వద్దంటూనే ఉంటారు, రైతులు వేస్తూనే ఉంటారు. దీన్ని దురాశ అని రాసినవాళ్ళున్నారు. వాళ్ళు గురవారెడ్డి పొలం చూడలేదు. ఆ ఒక్క అడుగు నీళ్ళే ఆయన వరికి ఆఖరి తడి. అది అందితే గింజ, లేకపోతే గడ్డి.

నిబంధనల్లో బస్తాలు లేవని సార్ అడ్డం చెప్పారు. నేను పట్టుబట్టాను. మా నాయనకు పొదిలిలో కిరాణా దుకాణం ఉండేది. మనిషికి ఏం కావాలో అడిగితే చెప్పడు, వస్తువు చేతిలో పెట్టి వెనక్కి అడుగు, అప్పుడు తెలుస్తుంది అనేవాడు. అంగడి గల్లా దగ్గర పెరిగినందుకు నాకు మిగిలిన చదువు అదే. అగ్గిపెట్టెలు తెప్పించి బస్తాలన్నాం. ఎవరి అగ్గిపెట్టె వాళ్ళు అలుగు గీత మీద పెట్టుకున్నారు.

నేను గింజలు పోస్తూనే ఉన్నాను. కట్ట గీత దగ్గరపడింది. ఇక్కడ ఒక సంగతి ఉంది. బస్తాలు తీయాలంటే నీళ్ళు వాటి తల మీదికి ఎక్కక ముందే తీయాలి, ఎక్కాక ఆ పారుదలలో మనిషి నిలవలేడు. అందరికీ తెలుసు. "తీస్తారా?" అని ప్రతి వంతుకూ అడిగాను. "ఇంకొంచెం చూద్దాం" అన్నారు. చెరువు తెగింది. ఆ డివిజనులో ఎన్ని ఊళ్ళలో ఆడించినా, మార్కాపురం హాల్లో ఉద్యోగుల చేత ఆడించినా అదే మాట, అదే ఫలితం. ఒక్కరూ బస్తా తీయలేదు.

ఆట మధ్యలో టీ తప్పకుండా ఇప్పించండి. అసలు మాటలు గ్లాసు చేతిలో ఉన్నప్పుడే వస్తాయి. ఆరోజు టీ దగ్గర నేను కొండారెడ్డిని అడిగాను.

"అన్నా, తెగుతుందని కనపడుతూనే ఉంది కదా?"

"కనపడింది."

"మరి ఎందుకు తీయలేదు?"

ఆయన గ్లాసు ఖాళీ చేసి, కడిగి, బోర్లించి అప్పుడు చెప్పాడు. "చెరువు తెగితే గంగమ్మ తెంచుకోని పోయిందంటారక్కా. బస్తా తీస్తే కొండారెడ్డి నీళ్ళు పోగొట్టినాడంటారు. నా మనమడు ముసలోడయినా ఆ మాట పోదు."

ఇన్నేళ్ళ పనిలో ఇంతకంటే పనికొచ్చే మాట నేను ఎక్కడా వినలేదు. ప్రమాదం తెలియక మనిషి కదలడంలేదని మనం అనుకుంటాం, కరపత్రాలు పంచుతాం. చాలాసార్లు తెలిసే కదలడు. ఏమీ చేయకుండా జరిగిన నష్టం దేవుడి ఖాతాలో పడుతుంది, చేసి జరిగింది మాత్రం అతని పేరు మీద పడుతుంది.

ఆర్డరేసిన ఆఫీసరు

ఒకసారి పైనుంచి ఒక పెద్ద ఆఫీసరు మా ఆట చూడ్డానికి వచ్చారు. యువకుడు, చురుకైనవాడు. చూస్తూ ఉండలేక తహసీల్దారు పాత్రలో తనే కూర్చున్నారు. గింజలు అలుగు దాటగానే "బస్తాలన్నీ వెంటనే తీయండి" అని ఆర్డరు వేశారు. గురవారెడ్డి "సరే సార్" అని వినయంగా అగ్గిపెట్టెలన్నీ తీసేశాడు. ఇంత సులువైన పనికి ఇన్ని రోజులా అన్నట్టు ఆఫీసరు మా వైపు చూశారు. ఈలోగా ఆయనకు ఫోను వచ్చింది. మాట్లాడి గుడ్డ వైపు తిరిగేసరికి అగ్గిపెట్టెలన్నీ మళ్ళీ అలుగు మీదున్నాయి.

"ఏంటిది?"

"మీరు పోయినారు గదా సార్."

"నేనెక్కడికి పోయాను? ఇక్కడే ఉన్నాను!"

"జీపెక్కినారనుకున్నాం సార్" అన్నాడు గురవారెడ్డి, ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా.

ఆ ఆఫీసరు ఒక క్షణం బిగుసుకుపోయి, తర్వాత పగలబడి నవ్వారు. కొందరు పెద్దవాళ్ళు అట్లాంటి చోట నవ్వలేరు. మా విభాగాన్ని ఎత్తేయాలని మాట వచ్చినప్పుడు అడ్డుపడింది ఆయనేనని తర్వాత తెలిసింది. ఆయనకు నేను రుణపడి ఉన్నాను. కానీ ఆరోజు ఆయన తీసుకున్న నిర్ణయం ఎంత సరైనదైనా ఊళ్ళో నిలిచేది కాదు. జీపు తిరిగి వెళ్ళాక కూడా నిలిచేదేదో మనం వెతకాలి.

పాత్రలు మార్చిన రోజు

పాత్రలు మార్చి చూద్దామన్నది జోసెఫ్ సార్. కొండారెడ్డిని కాలనీ మనిషిగా, రమణమ్మను సర్పంచిగా కూర్చోమన్నారు.

"నేను కాలనీలోనా?" అన్నాడు కొండారెడ్డి. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఓట్లకు కాలనీ వీధిదాకా పోయినవాడే గానీ ఆయన అక్కడ ఒక్క గడప తొక్కి ఎరగడు. ఆ పల్లెల సంగతి తెలిసినవాళ్ళకు ఎందుకో చెప్పక్కర్లేదు. కొంచెంసేపు తటపటాయించి, పంచె సర్దుకొని గుడ్డ మీద కాలనీ బొమ్మ గీసిన చోట కూర్చున్నాడు. రమణమ్మ కట్ట పక్కన సర్పంచి స్థానంలో కూర్చుంది.

ఈసారి బస్తాలు లేస్తాయని నేను పందెం కాయడానికి కూడా సిద్ధమే. ఇల్లు ఆమెది, అత్త ఆమెది, కట్ట కింద బతుకు ఆమెది. గింజలు పెరిగాయి. రమణమ్మ ఒక అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది. గురవారెడ్డి వైపు చూసింది. మళ్ళీ అక్కడే పెట్టేసింది.

"తియ్యమ్మా రమణమ్మా!" అని అరిచాడు కొండారెడ్డి. "పైన నిలబడి ఏంది సూస్తన్నావు, కింద మేముండాం!"

అందరూ గొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు. తీయలేదు కూడా. చెరువు తెగి గింజలు కొండారెడ్డి ఒళ్ళోకి దొర్లాయి.

రమణమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈడ కూర్చుంటే నీళ్ళే కనపడతన్నాయి మేడమ్. ఇల్లు కనపడటంల్యా. నా ఇల్లే" అన్నది. కొండారెడ్డి లేచి పంచె దులుపుకొని బయటికి వెళ్ళిపోయాడు.

మరుసటి వారం ఊరివాళ్ళే కూర్చొని ఒక కట్టుబాటు చేసుకున్నారు. పొలాలకు నీళ్ళు వదిలే తూము పైమెట్టును చెరువు నీళ్ళు తాకగానే చాటింపు వేయాలి, ఎవరి బస్తా వాళ్ళు దిగి తీసుకోవాలి. అందరూ తీస్తే ఒక్కడి మీద పేరు పడదు. ఆ పద్ధతి పెట్టి ఆడిస్తే గుడ్డ మీద తొలిసారి చెరువు నిలబడింది. జోసెఫ్ సార్ ఆనందం పట్టలేక అందరికీ మిఠాయి తెప్పించారు. గుడ్డ మీద తీశారు సార్, చెరువు మీద చూడాలి అన్నాను నేను. ముందు తినండమ్మా అన్నారు.

చెరువు నిండిన రోజు

చూడాల్సిన రోజు ఎక్కువ కాలం ఆగలేదు. నల్లమలలో పట్టిన వాన విడవలేదు. పొద్దున్నే కొండారెడ్డి ఫోన్ చేశాడు. "అక్కా, చెరువు నిండుతాంది!" ఆ గొంతులో సంతోషం విని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనూ ఈ మెట్టనేల దాన్నే.

మేం వెళ్ళేసరికి ఊరంతా కట్ట మీద ఉంది. డప్పులు, కొబ్బరికాయలు, తడిసిన చీరలతో ఆడవాళ్ళు. అలుగు మీద బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. అడవి నుంచి ఇంకా నీళ్ళు దిగుతున్నాయని ఇరిగేషన్ వాళ్ళు ఫోనులో చెప్పారు. పాత తూము పక్కన కట్ట చెమ్మగిల్లుతోంది. అది తెగితే నీళ్ళు పోయే దారిలో మొదటి ఇల్లు రమణమ్మది.

రమణమ్మ అప్పటికే కాలనీని బడికి చేర్చింది. ఆటలో తను చేయలేని పని ఇంకెవరో చేస్తారని ఆమె నమ్మి కూర్చోలేదు. కానీ ఆమె అత్త మాత్రం మంచం పట్టె పట్టుకొని కదలనన్నది. "గంగమ్మ వచ్చిన పూట ఇల్లు ఇడిసి పోతే మళ్ళా రాదు. నన్ను ముట్టుకున్నోడు మట్టిగొట్టుకోని పోతాడు" అని శాపనార్థాలు పెడుతుంటే పండగ పూట ఆ మంచం మీద చెయ్యి వేయడానికి ఒక్క మగవాడికీ ధైర్యం చాలలేదు. అత్తను వదిలి రమణమ్మ రాదు. సార్ బతిమాలారు, నేను బతిమాలాను. "మీరు పోయి ఆ బస్తాలు తీయించండి మేడమ్" అన్నది రమణమ్మ.

నీళ్ళు తూము పైమెట్టు తాకాయి. చాటింపు వేశారు. కొండారెడ్డి అలుగులోకి దిగి తన బస్తా లాగి గట్టున పడేసి వెనక్కి చూశాడు. ఎవరూ కదలలేదు. ప్రతివాడూ పక్కవాడు దిగుతాడేమోనని చూస్తున్నాడు.

"ఇంకొంచెం సూద్దాం లేరా, కట్ట గట్టిగానే ఉండాది" అన్నాడు గురవారెడ్డి. ఎవరో కాలితో పక్క బస్తాను జరిపి కొండారెడ్డి చేసిన సందు పూడ్చారు. అంత కష్టపడి చేసుకున్న కట్టుబాటు మా కళ్ళ ముందే పోయింది. జోసెఫ్ సార్ అరిచిన అరుపు డప్పుల్లో కలిసిపోయింది.

కొండారెడ్డి ఎవరితోనూ వాదించలేదు. కట్ట దిగి నడవడం మొదలుపెట్టాడు. కోపమొచ్చి ఇంటికి పోతున్నాడనుకున్నాను. ఆయన కాలనీలోకి తిరిగాడు. రమణమ్మ గుమ్మం ముందు చెప్పులు విడిచి, తల వంచి లోపలికి పోయాడు. కాసేపటికి గురవారెడ్డి జేబులో ఫోను మోగింది. ఆయనకు చెవి కొంచెం మందం, అందుకని స్పీకరు పెట్టాడు.

"మామా, నేను రమణమ్మ ఇంట్లో ఉండా. ముసలామె మంచం పక్కన కూచున్నా. ఆమె లేవదంట, నేనూ లేవను. మీరు ఎప్పుడు తీస్తే అప్పుడొస్తా. తొందరేం ల్యా, బాగా సూసుకోని తీయండి."

"పిచ్చి పట్టిందేరా నీకు? లేచి రా!"

అవతల కొండారెడ్డి ఫోను పెట్టేశాడు. ఆయన భార్య గుంపును తోసుకుంటూ వచ్చి గురవారెడ్డి చొక్కా పట్టుకుంది. "చిన్నాయనా, నీ బస్తా తియ్. తియ్ నువ్వు!"

గురవారెడ్డి నోటికొచ్చిన బూతులన్నీ తిడుతూ నీళ్ళలోకి దిగాడు. తన బస్తాను బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తి గట్టు మీద పెట్టాడు. ఆయన ఏడుస్తున్నాడు. ఆ తర్వాత ఎవరి బస్తా ఎవరు తీశారో తెలియదు, జనమంతా దిగారు. నీళ్ళు హోరుమని వాగులోకి దూకాయి. కొంతసేపటికి తూము మెట్టు మళ్ళీ బయటపడింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. రమణమ్మా ఆమె అత్తా అప్పటికే ఆ ఇంట్లో ఉన్నారు. కట్ట మీద అందరికీ తెలుసు. వాళ్ళ కోసం కదలని చేతులు కొండారెడ్డి వెళ్ళి కూర్చున్నాక కదిలాయి. నాకు ఆరోజు సంతోషమూ సిగ్గూ రెండూ కలిగాయి. రమణమ్మకు ఇది నాకంటే బాగా తెలుసు, అయినా ఏనాడూ పైకి అనలేదు.

నేను కిందికి పోయేసరికి కొండారెడ్డి పీట మీద కూర్చొని ఉన్నాడు. ముసలావిడ ఆయన తాత పేరు అడుగుతోంది. ఆయన చేతిలో ఖాళీ టీ గ్లాసుంది. రమణమ్మ గుమ్మానికి ఆనుకొని ఆ గ్లాసునే చూస్తోంది.

తర్వాతి మాట

కథ ఇక్కడితో అయిపోతే మన పని చాలా సుఖమైనది అయ్యేది. ఆ వాన తర్వాత మళ్ళీ చినుకు లేదు. చెరువు నీళ్ళు ఆయకట్టు చివరికి అందలేదు. గురవారెడ్డి వరి ఈనే సమయానికి తడి లేక ఎండిపోయింది. బస్తాలు తీయకపోతే కట్ట తెగేదని ఎవరు నిరూపిస్తారు? తెగలేదు కదా. కొండారెడ్డి భయపడినట్టే నీళ్ళు పోగొట్టినోడన్న పేరు ఆయనకు స్థిరపడింది. గురవారెడ్డి ఆయనతో మాట్లాడడం మానేశాడు. కొత్తగా వచ్చే పిల్లలు దీనికి సిద్ధపడి రావాలి. మన పని ఫలించినచోట చూపించడానికి ఏమీ ఉండదు, తిట్టడానికి మాత్రం ఏదో ఒకటి మిగులుతుంది. నేను ఆ ఎండిన పొలం గట్టు మీద గురవారెడ్డి పక్కన కూర్చొని ఆయన తిట్లన్నీ విన్నాను. వినడమూ ఉద్యోగంలో భాగమే.

రమణమ్మ అత్త ఆ తర్వాతి ఎండాకాలంలో తన ఇంట్లో, తన మంచం మీదే పోయింది. జోసెఫ్ సార్ రిటైరై రేపల్లె వెళ్ళిపోయారు. ఆయన దగ్గర నేర్చుకున్నదానికి థాంక్స్ చెబితే, "నాకేం తెలుసమ్మా, ఆ గింజలు కళ్ళకద్దుకున్నాయన నేర్పాడు ఇద్దరికీ" అన్నారు. నిజమే. ఆ ఊరు మాకు చాలా నేర్పింది. మేం వాళ్ళకు ఏమైనా నేర్పామో లేదో మాత్రం నాకు చాలాకాలం తెలియలేదు.

నేను రిటైరయ్యే ముందు ఏడాది నల్లమలలో మళ్ళీ వాన పట్టింది. ఒక సాయంత్రం గురవారెడ్డి ఫోన్ చేశాడు. పంట పోయిన తర్వాత ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదలు.

"అమ్మా, చెరువు నిండుతాంది."

"బస్తాలు వేసినారా మామా?"

"ఏసినాం. ఎయ్యకుండా యాడికి పోతాం?"

"మరి తీసేది?"

వెనక వాన చప్పుడు వినబడుతోంది.

"నేను పైనుంటే తీయను. ఎవుర్నీ తీయనీను. నా సంగతి నాకు తెలుసు" అన్నాడు. "కొండారెడ్డి ఒగసారి కూచున్నాడు గదా. ఈసారి కింద నేను కూచుంటా. పొద్దున్నే పోతా. ఆ యమ్మకు చెప్పు, అన్నం నాకు గూడా వండమని."

నేను రమణమ్మకు ఫోన్ చేసి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

"కూరేం చెయ్యాల్నో అడగండి మేడమ్" అన్నది రమణమ్మ.